డివైడర్ మొక్కకి కాయలు: మా మేడ మీద డురంటా డైరీ

2022 అక్టోబరు

అట్లాంటాలో ఉన్న మా చెల్లి వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టింది. కొమ్మ చుట్టూ గుత్తులు గుత్తులుగా ఊదారంగు పూసలు, అచ్చం మగ్గం వర్కులో వేసే షుగర్ బీడ్స్‌లా. నేను బట్టలు కుట్టుకునే దాన్ని కదా, మొదట ఏదో కొత్త లేసు డిజైనేమో అనుకుని మీటరు ఎంతే అని అడిగీసాను కూడా. అది నవ్వి నవ్వి, లేసు కాదక్కా మొక్క అంది. బ్యూటీబెర్రీ అంటారట, శాస్త్రం పేరు కాలికార్పా, గ్రీకులో అందమైన పండు అని అర్థం. వాళ్ళ జార్జియా వైపు అడవుల్లో దానంతటదే పెరుగుతుందట, అక్కడ ఆకులు రాలే కాలం వచ్చేసరికి ఈ కాయలు రంగెక్కుతాయి. పాతకాలం రైతులు దాని ఆకులు నలిపి గుర్రాలకీ కంచరగాడిదలకీ కట్టే తోలుపట్టీల కింద పెట్టేవారట దోమలూ ఈగలూ రాకుండా, తరవాత మిసిసిపీలో ప్రభుత్వ శాస్త్రవేత్తలు పరీక్ష చేస్తే ఆకుల్లో నిజంగానే దోమల్ని తరిమే పదార్థాలు దొరికాయట. ఇది చదివాక మాత్రం నాకు ఆశ రెట్టింపయింది, మా విజయనగరంలో సాయంత్రం ఆరు దాటాక మేడ మీద రెండు నిమిషాలు నిలబడి చూడండి మీకే తెలుస్తుంది.

విత్తనాలు పంపవే అన్నాను. ఊరికే కవర్లో పెట్టి పంపడానికి లేదంట, బయట దేశం విత్తనం మన దేశంలోకి రావాలంటే ముందే ఇక్కడ పర్మిట్టు తీసుకోవాలి, అక్కడి నుంచి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్టు రావాలి, 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్లో ఉంది ఇదంతా. పది పూసల కోసం అంత తతంగం ఎవరు పడతారు. ఫొటోని మాత్రం షాపులో మిషను ఎదురుగా అతికించుకున్నాను.

2023 జూన్

శ్రీకాకుళంలో పెళ్ళికూతురు బ్లౌజుల కొలతలకి వెళ్ళాను. తిరిగి బస్టాండుకి నడిచి వస్తుంటే పాత క్వార్టర్ల ప్రహరీగోడ మీంచి ఒక పొద రోడ్డు వైపుకి వేలాడుతోంది, దాన్నిండా పసుపు పూసలు. దండలు దండలుగా కిందకి జారుతున్నాయి, పైన కొమ్మల చివర చిన్న చిన్న లేత ఊదా పువ్వులు, ఐదు రేకులు, రెండు రేకుల మీద ముదురు గీత. ఎండలో అలాగే నిలబడిపోయాను. గుమ్మంలో కూర్చున్న పెద్దావిడని ఏం మొక్కండీ అంటే "ఏటో కంచె మొక్కమ్మా, ఎవులేసినారో, ఎవులూ సూడరు" అంది.

ఆ ఎవరూ చూడరు అన్న మాట అప్పుడు పట్టించుకోలేదు, అసలు గుట్టంతా అందులోనే ఉందని తెలియడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

ఫొటో తీసి మా వీధిలోకి ట్రాలీ ఆటోలో కడియం మొక్కలు తెచ్చి అమ్మే అబ్బాయికి చూపిస్తే డురంటా మేడం అన్నాడు. ఏ డురంటా అంటే డివైడర్లో ఉంటది కదా అదే అన్నాడు. నమ్మలేదు. డివైడర్లో ఉండేది మోకాలెత్తు, బంగారు రంగు ఆకులు, బాక్సులా సమంగా కత్తిరించి ఉంటుంది, పుట్టి బుద్ధెరిగాక దానికి ఒక పువ్వు చూసిన పాపాన పోలేదు. అతను చెప్పిందే నిజం, కాకపోతే రకం వేరు. డివైడర్లవి ఆకు రంగు కోసం తయారు చేసిన బంగారు రకాలు, ఇది అసలైన పచ్చాకు డురంటా. పుట్టిల్లు మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా, కరీబియన్ దీవులు. ఇంగ్లీషులో గోల్డెన్ డ్యూడ్రాప్ అంటారు, పిజియన్ బెర్రీ అని కూడా అంటారు. చెల్లికి చెప్తే అది ఇంకోటి చదివి పంపింది, వాళ్ళ బ్యూటీబెర్రీ, మన డురంటా రెండూ ఒకప్పుడు ఒకే కుటుంబం కింద లెక్కట, తరవాత బ్యూటీబెర్రీని తులసీ టేకూ ఉండే కుటుంబంలోకి మార్చీసారు, డురంటా మాత్రం పాత ఇంట్లోనే లాంటానాతో పాటు ఉండిపోయింది. అంటే అక్కచెల్లెళ్ళలో ఒకత్తి అత్తారింటికి వెళ్ళిపోయింది, ఇంకోత్తి పుట్టింట్లోనే ఉంది. మా ఇద్దరి కథే.

2023 జులై, రెండో వారం

శ్రీకాకుళం మళ్ళీ వెళ్ళాను ట్రయల్ వేయించడానికి. పెద్దావిడని అడిగి కొమ్మలు తెచ్చుకున్నాను, "పట్టుకుపో తల్లీ, మొత్తం పీకీసి పట్టుకుపోయినా ఒప్పే" అంది. ముదిరిన కొమ్మలకి ఆకు మొదట్లో ముళ్ళున్నాయి, సంచిలో పెట్టేటప్పుడు వేలికి దిగింది. సూది గుచ్చుకుంటే ఏమీ అనిపించదు గానీ ఇది మండింది.

మరీ లేతవి కాదు మరీ ముదురువి కాదు, పెన్సిలు లావువి చూసి జానెడు కన్నా కొంచెం తక్కువ ముక్కలు చేసాను, మొత్తం 8. కింద కణుపుకి కొంచెం కిందన కోసి, కింది ఆకులు తీసీసి, పైన రెండు ఆకులు సగానికి కత్తిరించి ఉంచాను. మట్టి ఇసకా సగం సగం, దాని మీద కొబ్బరి పొట్టు కొంచెం. డ్రై క్లీనింగ్ కవరు ఉంటుంది కదా, చీరలకి వేసేది, అది పైన గుడారంలా కప్పి మెట్ల కింద నీడలో పెట్టాను. వానాకాలం కాబట్టి గాలిలో తేమకి కొరత లేదు.

ఆగస్టు

8లో 3 బతికాయి. నాలుగు కుళ్ళిపోయాయి, నేనే రోజూ నీళ్ళు పోసాను, కవరు లోపల చెమటలు పట్టి ఉన్నా సరే పోసాను. ఒకటి మాత్రం కుళ్ళలేదు ఎండలేదు అలాగే మొండిగా ఉంటే ఏమిటా అని పీకి చూసాను, తలకిందులుగా పాతాను. కణుపు మీద మొగ్గ ఎటు చూస్తుందో చూసుకోకుండా గుచ్చీసాను. ఇంట్లో ఈ సంగతి చెప్పడం తప్పయిపోయింది, మా ఆయన వారం రోజులు దాన్ని యోగాసనాల మొక్క అన్నారు. అప్పట్నుంచి ఏ కొమ్మ కోసినా కింద వైపు ఏటవాలుగా, పై వైపు తిన్నగా కోస్తున్నాను. బ్లౌజుకి ముందూ వెనకా తెలియడానికి గాటు పెట్టుకుంటాం చూడండి, అలాంటిదే.

మూడు నాలుగు వారాలకి వేళ్ళు వచ్చాయి. మూడింట్లో బలంగా ఉన్నది నాకు, ఒకటి పక్కింటి వాళ్ళకి, ఒకటి షాపు ముందు పెట్టాను. షాపు ముందుది మేక తినీసింది, దాని గురించి ఇంక రాయను.

2023 సెప్టెంబరు నుంచి డిసెంబరు

20 లీటర్ల పెయింటు బకెట్టుకి కాల్చిన ఇనప చువ్వతో కింద ఆరు బొక్కలు పెట్టి అందులోకి మార్చాను. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు గెత్తం, అంటే పశువుల ఎరువు (అత్త ఊరి నుంచి బస్తాలో తెచ్చింది, బస్సులో కండక్టరు ఏమన్నాడో అడగొద్దు అంది), ఒక పాలు కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి. మేడ మీద దండెం పక్కన, రోజుకి ఆరు గంటలు ఎండ తగిలే చోట పెట్టాను.

ఇక్కడ నా తప్పు మొదలైంది. నా చెయ్యి ఎలాంటిదంటే దారం వేలాడుతూ కనపడితే కత్తిరించకుండా ఉండలేదు, పెళ్ళిలో పక్కన కూర్చున్నావిడ కొంగుకి దారం ఉన్నా మనసు లాగుతుంది. మొక్క చక్కగా కొత్త కొమ్మలు వేస్తుంటే, ఒకటి ఇటు ఒకటి అటు పొడుగ్గా సాగుతుంటే చూడలేక వారానికోసారి సమంగా కత్తిరించేదాన్ని. గుండ్రంగా బంతిలా తయారైంది, అందరూ ఎంత బాగుందో అన్నారు. పైగా తొందరగా పెరగాలని చిటికెడు చిటికెడు యూరియా. ఆకులు ముదురు పచ్చగా నిగనిగలాడాయి. పువ్వు లేదు. దసరా అయింది, దీపావళి అయింది, కార్తీకమాసం అంతా అయింది, ఒక్క పువ్వు లేదు.

డిసెంబర్లో శ్రీకాకుళం వెళ్తే ఆ గోడ మీద పొద ఇంకా పసుపు దండలతో ఊగుతోంది. ఎరువు లేదు, నీళ్ళు లేవు, ఎవరూ చూడరు. నాకైతే ఒళ్ళు మండింది.

2024 జనవరి, సంక్రాంతి

అత్త వచ్చింది చీపురుపల్లి వైపు ఊరి నుంచి. కనుమ నాడు మేడ మీద వడియాలు ఎండబెడుతూ, నేను చేతిలో కత్తెర పట్టుకుని మొక్క చుట్టూ తిరుగుతుంటే చూసి చూసి అంది.

"ఏటే అమ్మీ అది, మొక్కకి బట్టలు కుడతన్నావేటి?"

"కాదత్తా, పువ్వులు రావట్లేదు, బలంగా వస్తుందని కత్తిరిస్తున్నాను."

"పువ్వు ఎక్కడ పూస్తాదో ఎప్పుడైనా సూసినావా? ఆ సివర పూస్తాది. నువ్వు సివర ఉంచితే కదా. దాన్ని ఒగ్గీ."

అత్తకి డురంటా పేరు కూడా తెలీదు. కానీ మల్లెలు, కనకాంబరాలు, గోరింట అన్నీ పెంచిన మనిషి. రాత్రి ఫోన్లో కూర్చుని చదివితే అదే మాట, ఆ ఏడు వేసిన కొత్త కొమ్మ చివరన పువ్వుల గెల వస్తుంది. చివర కత్తిరించగానే దాని కింది కణుపుల్లోంచి రెండు పిల్ల కొమ్మలు మొదలవుతాయి, అవి ముదిరి మొగ్గ కట్టే లోపల నేను మళ్ళీ వెళ్ళి కోసీసేదాన్ని. డివైడర్లో డురంటా జీవితంలో పువ్వు చూడకపోవడానికి రకం ఒక కారణమైతే ఇది పెద్ద కారణం, మనం దాన్ని గోడ చేసాం. యూరియా సంగతి సరేసరి, నత్రజని ఎక్కువైతే ఆకు మీదే పడుతుంది.

కత్తెర కిందకి తీసుకెళ్ళి మిషను డ్రాయర్లో పెట్టాను. యూరియా డబ్బా పక్కింటావిడ కరివేపాకు చెట్టుకి ఇచ్చీసాను.

ఫిబ్రవరి, మార్చి

చెప్పడానికి ఏమీ లేదు. కొమ్మలు పొడుగయ్యాయి, వంగాయి, మొక్క దువ్వుకోని జుట్టులా ఉంది. మేడ మీదకి ఎవరొచ్చినా ఇదేంటి ఇలా వదిలీసారు అంటున్నారు. దాని పేరు గురించి చదివాను ఖాళీగా, డురంటా అన్నది కాస్టోరె దురాంటే అని 1500ల నాటి ఇటలీ వైద్యుడి పేరు మీద వచ్చింది, పెట్టింది లిన్నేయస్, 1753లో. ఆయన ఇదే మొక్కకి ఒకసారి ఎరెక్టా అని, ఇంకోసారి రెపెన్స్ అని రెండు పేర్లు పెట్టీసాడు, ఒకటేమో నిటారుగా నిలబడేది, రెండోదేమో పాకేది. ఇప్పుడు ఎరెక్టానే ఉంచారు. నా మొక్కని చూస్తే రెండూ కరెక్టే, రెండడుగులు నిలబడుతుంది, అక్కణ్ణుంచి పాకుతుంది.

ఏప్రిల్, మే

తెల్లదోమ. ఆకు వెనక్కి తిప్పితే పౌడర్ జల్లినట్టు ఉంది, కొమ్మ కదిపితే ఒక పొగ లేస్తుంది. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి బాగా గిలక్కొట్టి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టాను, వారానికోసారి నాలుగు వారాలు. ఇంకోటి, తెల్లదోమకి పసుపు రంగంటే పిచ్చి, అందుకే రైతులు పొలాల్లో పసుపు అట్టలకి జిగురు రాసి కడతారు. నా దగ్గర పసుపు లైనింగు గుడ్డ ముక్కలకేం తక్కువ, అట్టకి చుట్టి ఆముదం పూసి మొక్క పక్కన కట్టాను. రెండు రోజులకి గుడ్డ నల్లబడింది. (అదే గుడ్డ పొరపాటున ఉతికిన బట్టల్లో కలిసి మా ఆయన తెల్ల చొక్కాకి ఆముదం అంటింది, ఆయన దాన్ని ఇంకా మర్చిపోలేదు.)

ఎండలు 40 దాటిన రోజుల్లో బకెట్టు వేడెక్కిపోయి మధ్యాహ్నానికి ఆకులు వాలిపోయేవి. బకెట్టు చుట్టూ తడి గోనె చుట్టాను, జూటు మిల్లుల ఊరు పక్కన ఉండి గోనెకి వెతుక్కోవడం ఏంటి. పొద్దున్న, సాయంత్రం నీళ్ళు. మట్టి మీద ఎండుటాకులు పరిచాను.

జూన్ 23

పువ్వు!!

తొలకరి పడిన పది రోజులకి ఒక కొమ్మ చివర గెల కట్టింది. లేత ఊదా, అంచున తెలుపు. దగ్గరికి వెళ్తే ఐస్‌క్రీములో వేసే వెనీలా వాసన కొద్దిగా. మొదటి రోజే ఎక్కడినుంచి వచ్చాయో రెండు సీతాకోకచిలుకలు, మూడో రోజుకి తేనెపిట్ట కూడా. అత్తకి వీడియో కాల్ చేసి చూపించాను. "నాను సెప్పలేదేటి" అంది, అంతే, కట్ చేసీసింది.

ఆగస్టు

ఇప్పుడు అసలు ఆసక్తి ఉన్న విషయం. మొక్కకి దండెం వైపు ఉన్న కొమ్మలు చీరలకి తగులుకుంటున్నాయి, ఒక కస్టమర్ కంచి పట్టు అంచుకి ముల్లు పట్టి ఒక పోగు లాగీసింది, దాన్ని సరిచేయడానికి నాకు రెండు గంటలు పట్టింది ఆవిడకి చెప్పలేదు కూడా. ఆ రోజు నుంచి దండెం వైపు మాత్రం పదిహేను రోజులకోసారి కత్తిరిస్తున్నాను, వీధి వైపు ముట్టుకోవట్లేదు. ఒకే మొక్క, ఒకే మట్టి, ఒకే నీళ్ళు. వీధి వైపు గెలలు లెక్కపెడితే 19. దండెం వైపు సున్నా. ఎవరైనా నమ్మకపోతే మా మేడకి వచ్చి చూసుకోవచ్చు, సగం డివైడరు, సగం శ్రీకాకుళం గోడ.

కాయలు పట్టడం కూడా చూసాను దగ్గరగా. పువ్వు రాలాక కింద ఉన్న తొడిమ చిప్ప కాయని మూసేస్తుంది, మూసి చివర చిన్న ముక్కులా సాగుతుంది, అందుకే కాయ బొట్టు జారుతున్నట్టు ఉంటుంది, డ్యూడ్రాప్ అన్న పేరు దాని ఆకారానికే వచ్చి ఉంటుంది. మొదట ఆకుపచ్చ, బఠాణీ కన్నా చిన్నది. ఈ టైములో పొటాష్ కోసం కట్టెల బూడిద రెండు చెంచాలు మట్టిలో కలిపాను, వారానికోసారి బియ్యం కడుగు. అంతకు మించి ఏమీ పెట్టలేదు.

సెప్టెంబరు

మొదటి వారం అల్పపీడనం, మూడు రోజులు వదలకుండా వాన. పచ్చి కాయలు కొన్ని రాలాయి, బకెట్టు బొక్కల్లో మట్టి అడ్డుపడి నీళ్ళు నిలిచిపోతే రాత్రి పదకొండింటికి రెయిన్‌కోటు వేసుకుని వెళ్ళి చువ్వతో పొడిచాను. బకెట్టు కింద రెండు ఇటకలు పెట్టాను, ఇది మొదటి రోజే చేయాల్సింది.

అక్టోబరు 15, సిరిమాను రోజు

పైడితల్లమ్మ పండగకి ఇల్లంతా చుట్టాలే. ముందు రోజు తొలేళ్ళ రాత్రి నుంచి ఎవరూ సరిగ్గా నిద్ర పోలేదు. వీధి వైపు గెలలు అప్పటికి పసుపు తిరిగాయి, పువ్వు పూసిన దగ్గర్నుంచి కాయ రంగు తిరగడానికి నా లెక్కలో రెండు నెలల పైనే పట్టింది. మేడ మీద ఫొటోలు దిగుతున్నారు అందరూ, నాకు గాల్లో తేలినట్టుంది.

అంతలో మా ఆడపడుచు మనవరాలు, నాలుగేళ్ళ గుంట, ఒక కాయ తెంపి నోట్లో పెట్టీసుకుంది. రేగ్గాయ అనుకుంది. గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే ఈ కాయలూ ఆకులూ మనుషులకి మంచివి కావు, పిల్లలకీ కుక్కలకీ పిల్లులకీ విషమే, పిట్టలకి మాత్రం ఏమీ కాదు. అదృష్టం, చేదుగా ఉందో ఏమో నమలకుండానే ఊసీసింది, నోరు కడిగించి, ఉమ్మిన కాయ పగల్లేదని చూసుకుని, డాక్టరుకి ఫోన్ చేసి, సాయంత్రం దాకా దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. సిరిమాను, అదే పూజారి కూర్చుని ఊరేగే పొడుగాటి మాను, కోట దగ్గరకి వెళ్ళి తిరిగి వచ్చింది అన్నారు, నేనేం చూడలేదు ఈ ఏడు. రాత్రే బకెట్టుని వాటర్ ట్యాంకు దిమ్మ మీదకి ఎక్కించాం, ముగ్గురు మనుషులు పట్టారు. డురంటా పెంచాలనుకుంటే ఇంట్లో పాకే పిల్లలుంటే వద్దు, నేనైతే గట్టిగా చెప్తాను, వద్దు. పెద్ద పిల్లలున్నా అందని ఎత్తులో పెట్టండి.

దిమ్మ మీద నుంచి వేలాడుతుంటే మాత్రం ఇంకా బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

అక్టోబరు 25

దానా తుపాను ఒడిశా వైపు వెళ్ళిపోయింది. మేం రాత్రంతా మొక్కకి మూడు వైపులా తాళ్ళు కట్టి కాపలా కాసాం, గాలి పెద్దగా రానేలేదు. తాళ్ళు విప్పేటప్పుడు విరిగిన కొమ్మ ఒకటి, అదీ నా చేతిలోనే.

నవంబరు, కార్తీకమాసం

నాలుగు అంగుళాల నుంచి జానెడు దాకా ఉన్న దండలు, ఒక్కోదానికి పదీ ఇరవై పూసలు, పొద్దున్న ఎండ వాటి వెనక నుంచి పడితే తేనె చుక్కల్లా వెలుగుతాయి. పౌర్ణమి నాడు తులసి కోట దగ్గర దీపాల పక్కన ఒక కొమ్మ పెడదామని కోసాను.

అత్త వద్దంది. "ఇసప్పండు దేవుడికేటే?"

"మరి శివుడికి ఉమ్మెత్త పెట్టట్లేదా అత్తా?"

కాసేపు ఆలోచించి "అది ఆయనకి అలవాటే" అని తనే తీసి శివుడి పటం దగ్గర పెట్టింది, తులసమ్మ దగ్గర మాత్రం పెట్టనివ్వలేదు.

ఒక కస్టమరు, హల్దీ ఫంక్షన్ బ్లౌజుకి మగ్గం వర్కు చేయించుకోవడానికి వచ్చినావిడ, కిటికీలో గ్లాసులో పెట్టిన కొమ్మ చూసి ఈ రంగు బీడ్స్ కావాలంది. విశాఖ దాకా తిరిగాను, దొరికినవన్నీ నిమ్మ పసుపో బంగారమో తప్ప ఆ మధ్య రంగు లేదు. చివరికి రెండు రంగులు కలిపి కుట్టాం, వెలుగులో ఊగితే కొంచెం దగ్గరగా వస్తుంది.

మూడో వారం నుంచి పిగిలిపిట్టలు దిగాయి. జంటగా వస్తాయి, ఒకటి కాపలా ఒకటి భోజనం. నెలాఖరుకి సగం గెలలు ఖాళీ. మా ఆయన వల కడదామన్నారు, నేను వద్దన్నాను, ఫొటోలు తీసుకున్నాను కదా చాలు. ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో ఇదే మొక్క పిట్టల వల్లే అడవుల్లోకి పాకి కలుపైపోయిందట. అందుకని నేను రాలిన కాయలు ఏరి పొయ్యిలో వేస్తున్నాను, పక్క కుండీల్లో మొలకలొస్తే పీకుతున్నాను. మా కరివేపాకు కుండీలో ఇప్పటికే మూడు పీకాను.

2025 ఫిబ్రవరి

కాయలు అయిపోయాయి, కొన్ని ఎండు గెలలు మిగిలాయి. ఇప్పుడు కొయ్యాలి, ఇప్పుడైతేనే వానలకి కొత్త కొమ్మలు వేసి వాటి చివర పూస్తుంది. డ్రాయర్లోంచి కత్తెర కాదు, మొక్కల కత్తెరే కొన్నాను ఈసారి. మూడో వంతు తీసాను, లోపలికి గజిబిజిగా ఉన్నవి, ఎండినవి, దండెం వైపు ఉన్నవి. అక్కడితో ఆపడానికి మాత్రం చాలా కష్టపడ్డాను, ఒక కొమ్మ అడ్డంగా ఉంది ఇంకా, చూసినప్పుడల్లా చెయ్యి వెళ్తోంది.

అత్త రథసప్తమికి అరసవల్లి వెళ్ళి మా ఇంటికి వచ్చింది. ఊరికి వెళ్తూ తనకీ నాలుగు కొమ్మలు కావాలంది, గొడ్ల సావిడి వెనక దడికి, పిల్లలు అటు పోరులే అంది. తడి గోనెలో చుట్టి ఇచ్చాను. చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో తల ఏదే?"

"ఏటవాలుగా కోసింది కిందకి అత్తా."

"నువ్వు తలకిందులుగా పాతినావంట కదా ఒకటి. మీ ఆయన సెప్పినాడు."